పత్థర్‌గట్టీ రాళ్లు చెప్పే ఏడో నిజాం కథ

సంగారెడ్డి: ఇంట్లో పెళ్లి కుదిరిందంటే సంగారెడ్డి, పటాన్‌చెరు, సదాశివపేట, జోగిపేట ప్రాంతాల కుటుంబాలు హైదరాబాద్ పాతబస్తీ దారి పట్టడం తరాలుగా వస్తున్న ఆనవాయితీ. పట్టుబట్టలకు, ముత్యాలకు పత్థర్‌గట్టీ; గాజులకు లాడ్‌బజారు. నయాపూల్ దాటి మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు సాగే ఆ వీధిలో ఇరువైపులా ఒకే తీరున నిలిచిన రాతి కమానులు, వాటి వెనుక మల్గీలు, పైన అంతస్తులు కనిపిస్తాయి. బేరసారాల హడావుడిలో తలెత్తి చూసేవారు అరుదు. ఆ వీధిని, దానితోపాటు ఇప్పటి హైదరాబాద్ రూపురేఖలను చాలావరకు తీర్చిదిద్దిన పాలకుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. నగరానికి జలాశయాలు, ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, అంగడి వీధులు అందించిన పాలకుడాయన. జాగీర్దార్ల వెట్టి కింద పల్లెలు నలుగుతున్నా చూస్తూ ఊరుకున్న పాలకుడు కూడా ఆయనే. ఈ రెండు పార్శ్వాలను కలిపి చూస్తే తప్ప ఆయన జీవితం అర్థం కాదు.

పురానీ హవేలీ నుంచి సింహాసనానికి

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్‌లోని పురానీ హవేలీలో జన్మించారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయన తండ్రి. తర్వాతి కాలంలో ఆయన పేరుతో ముడిపడిన పత్థర్‌గట్టీ ఆ హవేలీకి కూతవేటు దూరమే. చిన్ననాటి నుంచే అరబ్బీ, పార్సీ, ఉర్దూ, ఆంగ్ల భాషలను అభ్యసించారు. ఉర్దూ, పార్సీలలో కవిత్వం రాశారు. 1911 ఆగస్టు 29న తండ్రి మరణించడంతో 25 ఏళ్ల వయసులో సింహాసనం అధిష్ఠించారు.

అప్పటి హైదరాబాద్ సంస్థానం సామాన్యమైనది కాదు. సుమారు 82 వేల చదరపు మైళ్ల విస్తీర్ణంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలను కలుపుకొని బ్రిటిష్ ఇండియాలోని సంస్థానాలలో అగ్రస్థానంలో ఉండేది. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైల్వే దానికి ఉండేవి. 1912లో మూడో సాలార్‌జంగ్ దివాన్‌గా నియమితులయ్యారు. 1914లో ఆయన వైదొలగిన తర్వాత నిజాం ఐదేళ్లపాటు పాలనా వ్యవహారాలను స్వయంగా చూసుకున్నారు. 1919లో కార్యనిర్వాహక మండలిని ఏర్పాటు చేసి సర్ అలీ ఇమామ్‌ను అధ్యక్షునిగా నియమించారు. అయితే మండలి ఉన్నా చివరి మాట ఎప్పుడూ ఫర్మానాదే.

మూసీ వరద మిగిల్చిన పాఠం

ఆయన సింహాసనం ఎక్కే నాటికి హైదరాబాద్ ఇంకా వరద దెబ్బ నుంచి తేరుకోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. నదీ తీరంలోని బస్తీలు, వంతెనలు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయాయి. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుపైకి ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వరదకు సాక్ష్యంగా చెప్పుకోబడుతోంది.

ఈ విపత్తు అనంతరం ఆరో నిజాం ప్రభుత్వం 1909లో ప్రఖ్యాత ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు కట్టాలని, నగరంలో మురుగునీటి వ్యవస్థను ఏర్పాటు చేయాలని, నదీతీరాన్ని కట్టుదిట్టం చేసి అభివృద్ధి పరచాలని ఆయన సూచించారు. కాగితంపై ఉన్న ఈ ప్రణాళికను నేలమీదకు తెచ్చే బాధ్యత కొత్త నిజాంపై పడింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదానికి తన పేరు, రెండోదానికి పెద్ద కుమారుని పేరు పెట్టుకున్నారు. గండిపేట నీళ్లంటే హైదరాబాదీలకు నేటికీ ఒక మమకారం. ఆ రెండు చెరువులూ వరదను అడ్డుకోవడంతోపాటు నగరం దాహాన్ని తీర్చాయి. నగరం మరింత పెరిగి ఆ నీరు చాలని దశలో, 1965లో మంజీరా మొదటి దశ పథకం ద్వారా సంగారెడ్డి ప్రాంతం నుంచి నీటి తరలింపు మొదలైంది.

నగరాభివృద్ధి మండలి ఆవిర్భావం

వరదకు తోడు 1911లో ప్లేగు వ్యాధి విజృంభించడం నగరం ఇరుకుదనాన్ని మరింత ఎత్తి చూపింది. గాలి వెలుతురు లేని గల్లీలు, మురుగు నిలిచే బస్తీలు రోగాలకు నెలవులుగా మారాయి. ఈ నేపథ్యంలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. బస్తీలను తొలగించి కొత్త ఇళ్లు కట్టడం, రహదారులను వెడల్పు చేయడం, ఉద్యానవనాలు నెలకొల్పడం, వ్యాపార వీధులను క్రమపద్ధతిలో నిర్మించడం ఈ మండలి విధులు. మల్లేపల్లి తదితర ప్రాంతాలలో పేద, మధ్యతరగతి వర్గాలకు ఇళ్లు నిర్మించింది. నిజాం రెండో కుమారుడు మొజంజాహీ కొంతకాలం ఈ మండలికి అధ్యక్షునిగా వ్యవహరించారు. 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి ఈ సంస్థ బాధ్యతలకే వారసురాలైంది.

ఈ మండలి పనితీరులో ఒక ముఖ్యమైన విషయం గమనించదగ్గది. బస్తీని ఖాళీ చేయించడంతో పని ముగిసిందని అది భావించలేదు. ఎక్కడ ఇళ్లు తీసేశారో అందుకు బదులుగా మరోచోట ఇళ్లు కట్టడం కూడా దాని కార్యక్రమంలో భాగం. అందరికీ న్యాయం జరిగిందని చెప్పలేకపోయినా, కూల్చడం, కట్టడం అనే రెండు పనులనూ ఒకే సంస్థకు అప్పగించడం ఆనాటికి కొత్త ఆలోచనే.

రాతితో కట్టిన అంగడి వీధి

మండలి చేపట్టిన పనులలో వ్యాపారపరంగా పేరెన్నికగన్నది పత్థర్‌గట్టీ. కుతుబ్‌షాహీల కాలంలో, 1592 ప్రాంతంలో నిర్మించిన చార్‌కమాన్‌లలో ఉత్తర దిక్కున ఉన్నది మచిలీ కమాన్. అక్కడి నుంచి మదీనా చౌరస్తా వరకు సాగే మార్గంలో ఇరుకు దుకాణాల స్థానంలో విశాలమైన రహదారి, దానికి రెండువైపులా ఒకే నమూనాలో గ్రానైటు రాతి భవనాల వరుసలు వెలిశాయి. పేరులోనే రాయి ఉన్న వీధికి రాతితోనే రూపం వచ్చింది.

ఈ నిర్మాణంలోని తెలివి సామాన్య కొనుగోలుదారునికి నేటికీ ఉపయోగపడుతోంది. భవనాల ముందుభాగంలో వరుస కమానుల కింద పొడవాటి వరండా సాగుతుంది. ఎండ కాసినా, వాన కురిసినా బాటసారి నీడపట్టునే ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి నడిచిపోవచ్చు. ఎత్తైన కమానుల గుండా గాలి ఆడుతుంది. కింద మల్గీలు, పైన నివాసాలు ఉండడం వల్ల వ్యాపారం ముగిసిన తర్వాత కూడా వీధి నిర్మానుష్యం కాదు. ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు కట్టుకోకుండా కమాను ఎత్తు, గోడ తీరు, రాయి రంగు ఒకేలా ఉండేట్టు కట్టడంతో వీధి మొత్తం ఒకే భవనంలా భాసిస్తుంది. దక్కను పీఠభూమిలో పుష్కలంగా దొరికే రాయిని వాడడం వల్ల దశాబ్దాల ఎండవానలకు గోడలు చెక్కుచెదరలేదు.

వీధి మొదట్లో ఉన్న మదీనా భవనానిది మరో చరిత్ర. దాని మల్గీల కిరాయిని అరబ్బు దేశంలోని మదీనా నగర అవసరాలకు పంపేందుకు వక్ఫ్ చేశారు. చమురు సంపద రాకముందు అరేబియాకు హైదరాబాద్ అంగళ్ల నుంచి సొమ్ము వెళ్లేదంటే ఆనాటి వ్యాపార వైభవం తెలుస్తుంది.

మొజంజాహీ మార్కెట్, సుల్తాన్ బజారు

మూసీకి ఉత్తరాన వెలసిన మరో అంగడి మొజంజాహీ మార్కెట్. 1935లో పూర్తయిన ఈ మార్కెట్‌కు నిజాం రెండో కుమారుని పేరు పెట్టారు. ముక్కోణపు స్థలంలో, లోపల విశాలమైన ఆవరణ ఉండేట్టు, రోడ్డు వైపు కమానులతో మల్గీలు తీర్చారు. కూడలి వైపు గడియారపు గోపురం నిలిపారు. చేతి గడియారం అందరికీ లేని రోజులలో సరుకుతో వచ్చిన రైతుకు, బండివానికి ఆ గోపురమే సమయం చెప్పేది. పండ్ల వ్యాపారానికి ఈ మార్కెట్ పెట్టింది పేరు. టోకు పండ్ల వ్యాపారం 1980వ దశకంలో గడ్డిఅన్నారానికి తరలిపోయింది. ఐస్‌క్రీమ్ దుకాణాల కోసం జనం నేటికీ అక్కడికి వస్తూనే ఉన్నారు.

రెసిడెన్సీ బజార్ల వ్యవహారం ఆనాటి రాజకీయానికి అద్దం పడుతుంది. కోఠీ పరిసరాలలోని ఆ అంగళ్లు చాలాకాలం బ్రిటిష్ రెసిడెంటు అధికార పరిధిలో ఉండేవి. సంస్థానం నడిబొడ్డున పరాయి పాలన సాగడం నిజాంకు కంటగింపుగా ఉండేది. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని నిజాంకు అప్పగించింది. అవే సుల్తాన్ బజారుగా స్థిరపడ్డాయి.

ఇండో-సరసెనిక్ శైలి వైభవం

బజార్లతోపాటు ప్రభుత్వ భవనాలూ అదే కాలంలో రూపుదిద్దుకున్నాయి. బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ఈ పనులలో ముఖ్యపాత్ర వహించారు. 1916లో కాచిగూడ రైల్వేస్టేషన్, 1920లో హైకోర్టు, ఆ తర్వాత సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు సిద్ధమయ్యాయి. మొగలాయీ గుమ్మటాలు, రాజస్థానీ ఛత్రీలు, ఐరోపా భవనాల అమరిక కలగలిసిన ఈ శైలిని ఇండో-సరసెనిక్ శైలిగా పేర్కొంటారు. వరద మింగిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి స్థానంలోనే ఉస్మానియా ఆసుపత్రి నిలవడం, దానికి ఎదురుగా నది ఆవలి ఒడ్డున హైకోర్టు వెలయడం యాదృచ్ఛికం కాదు. నదిని చూసి బెదిరిన నగరాన్ని తిరిగి నదికి ఎదురుగా నిలబెట్టాలన్నది ఆ ప్రణాళిక ఉద్దేశం.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఒక భారతీయ భాష, ఉర్దూ, ఉన్నత విద్యకు బోధనాభాష కావడం అక్కడే ఒక ప్రయోగంగా మొదలైంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం రూపకల్పనలో బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పాలుపంచుకున్నారు. అయితే సంస్థానంలో అత్యధికుల మాతృభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడాలకు ఆ గౌరవం దక్కలేదన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మంజీరా నదిపై నిజాంసాగర్ ప్రాజెక్టును 1923లో చేపట్టి 1931లో పూర్తిచేశారు. ఇంజినీరు అలీ నవాజ్‌జంగ్ పర్యవేక్షణలో సాగిన ఈ నిర్మాణం 2.75 లక్షల ఎకరాలకు సాగునీరు ఇచ్చేలా రూపొందింది. దాని ఆయకట్టులో పండిన చెరకుతో బోధన్ చక్కెర కర్మాగారం నడిచింది. పరిశ్రమలకు పెట్టుబడి అందించేందుకు 1929లో పారిశ్రామిక నిధి ఏర్పడింది. నగరంలో ఆజామాబాద్ పారిశ్రామికవాడ, వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు ఆ కాలపు నిర్మాణాలే. దశాబ్దాల తర్వాత రామచంద్రాపురం, పటాన్‌చెరు ప్రాంతాలకు విస్తరించిన పారిశ్రామికీకరణకు తొలి అడుగులు ఆ రోజులలోనే పడ్డాయి.

వైభవం వెనుక చీకటి

ఈ రాతి కట్టడాల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వేసుకోకపోతే కథ అసంపూర్ణమే. సంస్థాన ఆదాయంలో ప్రధాన భాగం భూమి శిస్తే. మెదక్, నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల రైతు చెమటతోనే ఖజానా నిండింది. దివానీ భూములకు వేరుగా జాగీర్లు, సంస్థానాలు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూములు ఉండేవి. దొరల గడీలలో వెట్టిచాకిరీ నిత్యకృత్యం. 1937లో టైమ్ పత్రిక నిజాంను ప్రపంచంలో అత్యంత సంపన్నునిగా పేర్కొంటూ ముఖచిత్రం ప్రచురించింది. అదే కాలంలో పల్లెలలో బడి, వైద్యం అందని ప్రజలు లక్షలలో ఉన్నారు.

సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిందే. గష్తీ నిషాన్ 53గా పేరుపడిన ఉత్తర్వు సభలపై ఆంక్షలు విధించింది. అలాంటి నిర్బంధంలో 1930లో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది మన జోగిపేటలోనే. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి దానికి అధ్యక్షత వహించారు. తెలుగువారి భాషకు, చదువుకు, గౌరవానికి స్థానం కావాలని కోరిన ఆ సభ కాలక్రమంలో వెట్టికి, భూస్వామ్యానికి వ్యతిరేకంగా నిలిచిన ఉద్యమానికి దారితీసింది. రాజధానిలో రాతి అంగళ్లు లేస్తున్న దశకంలోనే జిల్లాలో ఈ చైతన్యం రగలడం చరిత్ర చెప్పే సత్యం.

1946లో తెలంగాణ సాయుధ పోరాటం ఆరంభమైంది. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం లభించినా నిజాం భారత యూనియన్‌లో చేరక, నవంబరు 29న యథాతథ ఒప్పందం చేసుకున్నారు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు పల్లెలపై సాగించిన దౌర్జన్యాలను ఆయన అరికట్టలేదు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్యకు గురికావడం ఆ కాలపు భయానక పరిస్థితికి నిదర్శనం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. సోలాపూర్ వైపు నుంచి కదిలిన ప్రధాన దళాలు 16న జహీరాబాద్ దిక్కుకు సాగాయి. 17న నిజాం లొంగుబాటుకు అంగీకరించారు. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురికి లొంగిపోయారు. ఆ రోజులలో, ఆ తర్వాత కూడా చెలరేగిన హింసలో రెండు మతాల నిరపరాధులూ బలయ్యారు.

రాజప్రముఖ్‌గా, సామాన్యునిగా

1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రాష్ట్ర రాజప్రముఖ్‌గా వ్యవహరించారు. 1949లోనే జాగీర్లు రద్దయ్యాయి. రాష్ట్రాల పునర్విభజనతో సంస్థానం ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రాల మధ్య పంపకమైంది. ఆయన కింగ్ కోఠీలోనే ఉండిపోయారు. అపార సంపద ఉన్నా పాత దుస్తులు, చౌక సిగరెట్లతో కాలం గడిపిన ఆయన పొదుపు గురించి కథలు కోకొల్లలు.

1965 యుద్ధ సమయంలో ఆయన దేశానికి ఐదు టన్నుల బంగారం దానమిచ్చారన్న ప్రచారం చాలాకాలం సాగింది. సమాచార హక్కు చట్టం కింద వెలువడిన వివరాల ప్రకారం ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోల బంగారాన్ని ఆరున్నర శాతం వడ్డీకి పెట్టుబడిగా పెట్టారు. అది దానం కాదు, పెట్టుబడి. అయినా దేశానికి బంగారం అవసరమైన వేళ అందించినది కావడంతో దాని విలువ దానికి ఉంది. ఆయన జీవితంలో పొగడ్తలు, నిందలు రెండూ ఇలా వాస్తవాన్ని మించి పెరిగినవే.

1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. అంతిమయాత్రకు జనం పోటెత్తారు. కింగ్ కోఠీ ఎదుటనున్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు.

కాపాడుకోవలసింది మనమే

పాలకుడు పోయి అరవై ఏళ్లు కావస్తున్నా ఆయన కాలపు అంగళ్లలో వ్యాపారం ఆగలేదు. అయితే పత్థర్‌గట్టీ కమానులను నేడు వెతుక్కోవలసి వస్తోంది. నిలువెత్తు బోర్డులు, చిక్కుపడిన కరెంటు తీగలు, రాతిపై పూసిన రంగులు, వరండాలలోకి చొచ్చుకొచ్చిన సరుకులు వాటి అందాన్ని మరుగునపరిచాయి. ఒకే భవనంలా కనిపించాలని కట్టిన వీధి, ఎవరి ముక్క వారిదిగా విడిపోయింది. ఒక మల్గీ యజమాని కమానును మూసివేస్తే నష్టం ఆ ఒక్క దుకాణానిదే కాదు. నీడ దారి తెగిపోయి వీధి మొత్తం దెబ్బతింటుంది.

మార్గం లేకపోలేదు. శిథిలావస్థకు చేరిన మొజంజాహీ మార్కెట్‌కు 2018లో పునరుద్ధరణ పనులు చేపట్టి 2020లో తిరిగి ప్రారంభించారు. రాతిపై పేరుకున్న రంగు, మసి తొలగించడంతో మార్కెట్ అసలు రూపం బయటపడింది. వ్యాపారులను వెళ్లగొట్టకుండానే వారసత్వ కట్టడాన్ని కాపాడవచ్చని అది నిరూపించింది. 1796 నాటి సంగారెడ్డి పాత జైలును మ్యూజియంగా మార్చడం జిల్లాలోనే కనిపించే మరో ఉదాహరణ. సంగారెడ్డి, సదాశివపేట, జోగిపేట పాత అంగడి వీధులలో మిగిలిన డంగు సున్నపు గోడలు, చెక్క దూలాల ఇళ్లు రోడ్ల విస్తరణలో, కొత్త కాంప్లెక్సుల కింద కనుమరుగు కాకముందే వాటి వివరాలు నమోదు చేయవలసిన అవసరం ఉంది. ఏది ఉంచాలో, ఏది తీయాలో అప్పుడే తేలుతుంది.

మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను కొందరు నగర నిర్మాతగా కీర్తిస్తారు. మరికొందరు నిరంకుశునిగా నిరసిస్తారు. రెండింటికీ చరిత్రలో ఆధారాలున్నాయి. కట్టిన అంగళ్లు ఆయన పాలనలోని వెట్టిని మాఫీ చేయలేవు. ఆయన తప్పిదాలను చూపి ఆ అంగళ్లను పాడుపెట్టుకోవడమూ సబబు కాదు. రాయి మోసిన కూలీ, చెక్కిన శిల్పి, శిస్తు కట్టిన రైతు అందరూ ఈ నేల బిడ్డలే. పత్థర్‌గట్టీ ఒక రాజు ఆస్తి అనేకంటే వారందరి కష్టార్జితం అనడమే న్యాయం.